గుండెల మీద కూర్చున్నది ఎవరు?

పద్నాలుగేళ్ళ వయసులో మొదటిసారి అది నాకు జరిగింది. వేసవి మధ్యాహ్నం, భోజనం చేసి వెల్లకిలా పడుకున్నాను. మెలకువ వచ్చింది. పైన దూలం కనబడుతోంది, వంటింట్లో అమ్మమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. కానీ కాలి వేలైనా కదలదు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని తెలుస్తోంది, తల తిప్పి చూడలేను. కాసేపటికి ఆ ‘ఎవరో’ వచ్చి గుండెల మీద కూర్చున్నారు. అమ్మమ్మను పిలుద్దామని ఎంత గింజుకున్నా గొంతు పెగల్లేదు. ఎంతసేపో తెలియదు, ఉన్నట్టుండి కట్లు తెగినట్టయి లేచి కూర్చున్నాను. సంగతి చెబితే అమ్మమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆ రాత్రి నా దిండు కింద పాత కొడవలి ఒకటి పెట్టింది. ఆంజనేయ దండకం చదువుకోమంది. వెల్లకిలా కాకుండా ఒక పక్కకు తిరిగి పడుకోమని కూడా చెప్పింది. మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, ఆ మూడోది వైద్యులు కూడా చెప్పే మాటేనని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఈ అవస్థను ఇప్పుడు స్లీప్ పెరాలిసిస్ అంటున్నారు. తెలుగులో నిద్రా పక్షవాతం అనుకోవచ్చు. మనసుకు మెలకువ వచ్చి దేహానికి రాకపోవడం దీని లక్షణం. దీని వెనుక ఇంత చరిత్ర ఉందని, ఆ చరిత్రలో ఉరికంబాలు కూడా ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఉరికంబాల గురించి.

ముందు మాటల సంగతి చూద్దాం. పీడకల అనే మాటను మనం ఎలాంటి చెడ్డకలకైనా వాడేస్తాం. కానీ సంస్కృతంలో ‘పీడ్’ ధాతువుకు నొక్కడం, పిండడం అనే అర్థాలు ఉన్నాయి. బడిలో చదువుకున్న వాయుపీడనంలోని పీడనం అదే. ఆ లెక్కన పీడకల అంటే నొక్కే కల. మాటను కూర్చిన వాళ్ళ ఉద్దేశం ఇదేనని నేను పందెం కాయను, పీడ అంటే బాధ అనే అర్థమూ ఉంది గదా! కానీ ఇతర భాషల్లోకి తొంగి చూస్తే ఈ నొక్కుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ప్రాచీన గ్రీకులు దీన్ని ఎఫియాల్టిస్ అన్నారు, మీదికి దూకేవాడని అర్థం. లాటిన్లో ఇంక్యుబస్, అంటే పైన పడుకునేవాడు. అరబ్బీ, పారశీక వైద్యులు కాబూస్ అన్నారు. ఆ మాట పుట్టిన ధాతువుకూ నొక్కడమనే అర్థం. ఫ్రెంచివారి కోష్‌మార్‌లో తొక్కుడు ఉంది. స్పానిష్ వారి పెసదీయాలో బరువు ఉంది. మన పొరుగున తమిళులకు అముక్కుపేయ్ ఉంది, అదిమే దయ్యమన్నమాట. జపానువారి కనషిబారికి లోహంతో బిగించి కట్టడమని అర్థం. ఇంగ్లీషు నైట్‌మేర్‌లోని మేర్ ఆడగుర్రం కాదు. పాత ఇంగ్లీషులో నిద్రపోయేవారి మీద ఎక్కి కూర్చునే పిశాచం పేరది. మాట పోలిక వల్ల జనం గుర్రమనుకున్నారు. 1781లో హెన్రీ ఫ్యూజ్‌లీ గీసిన ‘ది నైట్‌మేర్’ అనే ప్రసిద్ధ చిత్రంలో, వెల్లకిలా వాలిపోయిన యువతి గుండెల మీద ఒక పిశాచం కూర్చుని ఉంటే, తెర వెనుక నుంచి ఒక గుర్రం తల తొంగి చూస్తూ ఉంటుంది. ఇప్పుడది అమెరికాలోని డిట్రాయిట్ కళా మ్యూజియంలో ఉంది. ఈ అవస్థ అనుభవించినవారు ఆ బొమ్మను చూస్తే ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది.

ఒకరినొకరు ఎరగని ఇన్ని జాతులవారు ఒకే అనుభవాన్ని ఇలా వర్ణించారంటే, అది వట్టి కట్టుకథ అయి ఉండదు. అయితే అనుభవం ఒకటే అయినా, దానికి పెట్టిన పేరును బట్టి ఆ తరువాత జరిగే పనులు మారిపోతాయి. పేరు కాబూస్ అయితే వైద్యుడి దగ్గరకు వెళతారు. పేరు దయ్యమైతే దిండు కింద ఇనుము పెడతారు. ఆ దయ్యానికి పక్కవీధిలో ఉండే మనిషి ముఖం కనబడిందంటే మాత్రం న్యాయస్థానానికి వెళతారు.

ఇలా న్యాయస్థానానికి వెళ్ళిన ఉదంతమే 1692లో అమెరికాలోని మసాచుసెట్స్ వలసరాజ్యంలో సేలం పట్టణంలో జరిగిన మంత్రగత్తెల విచారణ. ఆ కథ చాలామందికి తెలుసు: కొందరు బాలికలు విచిత్రంగా మెలికలు తిరిగిపోవడం, ఊళ్ళోవారి మీద నిందలు వేయడం, 19 మందిని ఉరితీయడం, నేరం ఒప్పుకోననీ కాదనీ చెప్పడానికి నిరాకరించిన గైల్స్ కోరీ అనే వృద్ధుడిని రాళ్ళ బరువు కింద నలిపి చంపడం. బాలికల మీద పడినంత వెలుగు ఆ విచారణలో సాక్ష్యం చెప్పిన పెద్దమనుషుల మీద పడలేదు. నాకు ఆసక్తి కలిగించినది వారి వాంగ్మూలాలే.

అందరికంటే ముందు విచారణకు వచ్చినది బ్రిడ్జెట్ బిషప్. జూన్ 2న విచారణ, జూన్ 10న ఉరి. ఆమె మీద సాక్ష్యం చెప్పినవారిలో రిచర్డ్ కోమన్ ఒకడు. అతడు చెప్పినది సుమారు ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. పడకగదిలో దీపం వెలుగుతూనే ఉందట, భార్య పక్కనే నిద్రపోతోందట. బ్రిడ్జెట్ బిషప్ మరి కొందరితో కలిసి లోపలికి వచ్చి అతడి రొమ్ము మీద పడుకుంది. మాట పెగలలేదు, కదలిక లేదు. పక్కనే ఉన్న భార్యను లేపుదామని ఎంత ప్రయత్నించినా సాధ్యం కాలేదు. మరుసటి రాత్రి మళ్ళీ వచ్చి గొంతు పట్టుకుంది. అప్పుడు అతడి బంధువు ఒకడు తోడు పడుకుంటానని చెప్పి, కత్తిని దేహం మీద అడ్డంగా పెట్టుకుని పడుకోమని సలహా ఇచ్చాడు. ఈ వాక్యం చదివినప్పుడు నాకు అమ్మమ్మ కొడవలి జ్ఞాపకం వచ్చింది. ఎక్కడి మసాచుసెట్స్, ఎక్కడి మా ఊరు! పాపం, కోమన్‌కు ఆ కత్తీ పనిచేయలేదు. ఆ రాత్రి కూడా వాళ్ళు వచ్చారు.

జాన్ లౌడర్ అనే మరొక సాక్షికి బ్రిడ్జెట్‌తో కోళ్ళ విషయంలో తగాదా జరిగింది. ఆమె కోళ్ళు వీళ్ళ తోటలోకి వస్తున్నాయని మాటామాటా పెరిగింది. కొన్నాళ్ళకు అతడికి అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, వెన్నెల వెలుగులో బ్రిడ్జెట్ లేదా ఆమె ఆకారం పొట్ట మీద కూర్చుని ఉంది. చేతులు అతడి గొంతు మీద ఉన్నాయి. ఎదిరించడానికి చేతుల్లో బలం లేదు. ఈ మనిషి ఎవరో తనకు తెలియదని బ్రిడ్జెట్ న్యాయస్థానంలో చెప్పింది. పక్కపక్క తోటలవాళ్ళు ఒకరికొకరు తెలియకపోవడం ఏమిటని ఆ మాట కూడా ఆమెకే ఎదురుతిరిగింది.

జులై 19న ఉరికంబం ఎక్కిన సుసన్నా మార్టిన్ మీద బెర్నార్డ్ పీచ్ చెప్పిన సాక్ష్యం మరీ విపులమైనది. ఆమె కిటికీలోంచి దూకి లోపలికి వచ్చిందట, కాళ్ళు పట్టుకుని అతడి దేహాన్ని చక్రంలా వంచి మీద పడుకుందట. దాదాపు రెండు గంటల పాటు అతడు కదలలేదు, మాట్లాడలేదు. చివరికి కాస్త పట్టు సడలగానే ఆమె చేతిని నోటి దగ్గరకు లాక్కుని మూడు వేళ్ళు కొరికానన్నాడు. ఈ అవస్థ సాధారణంగా ఉండేది కొన్ని సెకన్లు, మహా అయితే కొద్ది నిమిషాలు. కానీ పడినవాడికి అది రెండు గంటలే. పీచ్ అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. కోమన్ గాని, లౌడర్ గాని అబద్ధం చెప్పారనీ అనుకోను. వాళ్ళు చెప్పిన వివరాలు నిద్రా పక్షవాతం అనుభవించని మనిషి కల్పించగలిగినవి కావు. వాళ్ళు నిజంగా జరిగినదే చెప్పారు, ఆ నిజంలోకి ఒక మనిషి పేరు చేర్చారు. అబద్ధపు సాక్షిని ప్రశ్నలతో తికమక పెట్టవచ్చు. తాను అనుభవించినదే చెబుతున్న సాక్షిని ఏ వకీలు ఏం చేయగలడు? ఆ విచారణలో నిందితుల పక్షాన వకీలు కూడా లేడు, అది వేరే విషయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ స్త్రీలను ఉరితీయడానికి ఈ సాక్ష్యాలొక్కటే కారణం అనడం సరికాదు. బాలికల ఆరోపణలు, పాత కక్షలు, బ్రిడ్జెట్ పాత ఇంటి గోడల్లో దొరికాయని చెప్పిన గుడ్డబొమ్మలు, ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ వింటున్నవారి మనసులో ‘ఈమె రాత్రుళ్ళు మనుషుల మీద పడుతుంది’ అనే నమ్మకాన్ని ఖాయం చేసినవి ఇటువంటి వాంగ్మూలాలే. మనిషి ఒకచోట ఉండగా ఆమె ఆకారం మరోచోట హాని చేయగలదనే వాదాన్ని అప్పట్లో ఛాయాసాక్ష్యంగా అంగీకరించారు. ఆ అక్టోబరులో ఇంక్రీస్ మేథర్ అనే మతాచార్యుడు ఛాయాసాక్ష్యం చెల్లదని వాదించాడు. అదే నెలలో గవర్నరు ఆ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. మరుసటి ఏడాది కొత్త న్యాయస్థానంలో ఛాయాసాక్ష్యం విలువ పడిపోయాక కేసులు చాలావరకు వీగిపోయాయి.

నన్ను ఎక్కువగా కలతపెట్టే విషయం ఇది కాదు. సేలం నాటికే దీనికి వేరే పేరు ఉంది. హాలండులోని యూట్రెక్ట్‌లో వైద్యాచార్యుడైన ఇస్బ్రాండ్ వాన్ డీమర్‌బ్రూక్ 1664లో, అంటే సేలంకు 28 ఏళ్ళ ముందే, ఒక రోగి ఉదంతాన్ని నమోదు చేశాడు. యాభై ఏళ్ళ స్త్రీ, ఆరోగ్యవంతురాలు, దృఢకాయురాలు. రాత్రి నిద్రకు ఉపక్రమించేటప్పుడు ఒక్కోసారి సాతాను తన మీద పడుకున్నట్టు, ఒక్కోసారి పెద్ద కుక్కో దొంగో రొమ్ము మీద ఎక్కి ఊపిరాడకుండా చేస్తున్నట్టు ఆమెకు తోచేది. తోసేద్దామంటే కాళ్ళూచేతులూ కదిలేవి కావు. ఒక్కోసారి ఆమె దీనంగా మూలిగే చప్పుడు విని భర్తే తట్టి లేపేవాడు. డీమర్‌బ్రూక్ ఈమెకు మంత్రగాడిని చూడమని చెప్పలేదు, ఇరుగుపొరుగులో ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడగలేదు. ఇది ఇంక్యుబస్ అనే వ్యాధి అన్నాడు. ఆ కాలపు పద్ధతిలో రక్తం తీయించి, విరేచనాలు ఇచ్చి, ఆహారనియమం చెప్పాడు. ఆయన చెప్పిన శారీరక కారణాలు ఇవాళ నిలవవు. అయినా ఆ ఇంట్లో ఎవరి ప్రాణమూ పోలేదు.

ఆయనకూ ఇది కొత్తగా తోచిన సంగతేమీ కాదు. గ్రీకు వైద్యులు ఇది దేవతల పనో దయ్యాల పనో కాదు, రోగమని ఏనాడో రాశారు. పదో శతాబ్దంలో బుఖారాలో ఉన్న అఖవైనీ అనే వైద్యుడు, కడుపులో పుట్టిన ఆవిరులు మెదడుకు చేరడం వల్ల కాబూస్ వస్తుందన్నాడు. అంటే తెలిసిన విషయమే. తెలిసిన విషయం పుస్తకాల్లో ఉండిపోయింది, సేలం న్యాయస్థానంలో కూర్చున్నవారికి మాత్రం మరొక రకం పుస్తకాలు ముఖ్యమయ్యాయి.

ఆ తరువాతి వైద్యచరిత్రను త్వరగా చెప్పేస్తాను. 1753లో లండనులో జాన్ బాండ్ అనే వైద్యుడు దీని మీద ఒక పుస్తకమే రాశాడు. తానే ఈ బాధ పడేవాడు గనుక రాశాడు, వెల్లకిలా పడుకోవడమే మూలమన్నాడు (అమ్మమ్మ పక్షం!). 1876లో అమెరికా వైద్యుడు వియర్ మిచెల్ దీన్ని వర్ణించాడు. స్లీప్ పెరాలిసిస్ అనే పేరును 1928లో కినియర్ విల్సన్ వాడాడు. అసలు గుట్టు విడిపోవడానికి మాత్రం 1953 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు, నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందనీ, ఆ దశలో లేపితే మనుషులు కలలు చెబుతారనీ ప్రకటించారు. 1959లో ఫ్రాన్సులోని లియాన్‌లో మిషెల్ జువే, పిల్లుల మీద పరిశోధిస్తూ, ఆ దశలో దేహపు కండరాలన్నీ పూర్తిగా సడలిపోతాయని కనిపెట్టాడు. మెదడు కాండంలో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీస్తే ఆ సడలింపు పోయి, నిద్రలోనే పిల్లులు లేచి లేని ఎలుకల మీదికి దూకేవి.

అంటే ఈ పక్షవాతం రోగం కాదు, రక్షణ. కలలో పరుగెత్తినప్పుడు మంచం మీద నుంచి నిజంగా పరుగెత్తకుండా ప్రకృతి వేసిన గొళ్ళెం. మనకు మెలకువ వచ్చాక కూడా ఆ గొళ్ళెం పడి ఉంటే అది నిద్రా పక్షవాతం. కళ్ళు కదులుతాయి, విభాజకపటలం పనిచేస్తుంది గనుక శ్వాస ఆగదు. కానీ మన ఇష్టప్రకారం ఛాతీ నిండా గాలి పీల్చలేము. పీల్చలేకపోవడాన్ని మనసు గుండెల మీద బరువుగా అర్థం చేసుకుంటుంది. కల ఇంకా పూర్తిగా ఆరిపోలేదు గనుక ఆ బరువుకు ఒక రూపం వస్తుంది. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం మేలుకుని ఉండి, ఎదురుగా శత్రువు కనబడకపోయేసరికి గదిలో ఎవరో ఉన్నారనే భావన పుడుతుందని కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ చెయిన్ ప్రతిపాదించాడు. నిద్ర చాలకపోతే, నిద్రవేళలు తారుమారైతే ఇది ఎక్కువ. రాత్రి షిఫ్టులు చేసే మన సాఫ్టువేరు మిత్రులు గమనించగలరు. 2011లో 35 అధ్యయనాలను, 36,533 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, సామాన్య జనంలో 7.6 శాతం మంది, విద్యార్థుల్లో 28.3 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా దీన్ని అనుభవించారని తేలింది.

ఇంతమందికి జరిగేది ఇంత గుట్టుగా ఎలా ఉండిపోయింది? దీనికి జవాబు డేవిడ్ హఫర్డ్ జీవితంలోనే ఉంది. 1963లో విద్యార్థిగా ఉండగా ఒక రాత్రి అతడి గది తలుపు తెరుచుకుంది, అడుగుల చప్పుడు వినిపించింది, ఏదో మంచం ఎక్కి అతడి మీద కూర్చుంది. పిచ్చి అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు. తరువాత జానపద పరిశోధకుడై కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చేరితే, అక్కడి పల్లెజనం ‘ముసలి హ్యాగ్’ వచ్చి మీద కూర్చుంటుందని చెప్పుకునే కథలు వినబడ్డాయి. ఒక్కొక్క వివరం తనకు జరిగినదే! తాను ఆ కథ వినకముందే ఆ అనుభవం పొందాడు. కాబట్టి కథ వల్ల అనుభవం పుట్టదు, అనుభవం వల్లనే కథ పుడుతుందని అతడు 1982లో వెలువరించిన పుస్తకంలో వాదించాడు. జానపదులు చెప్పేదంతా భ్రమ అని కొట్టిపారేసే పండితులకు అది మంచి చురక. ఆ పుస్తకం గురించి తెలిశాక నేను అమ్మమ్మను అడిగాను, నీకెప్పుడైనా జరిగిందా అని. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో చాలాసార్లు జరిగిందట. కొత్తకోడలికి గాలి సోకిందంటారని అరవై ఏళ్ళు ఎవరితోనూ అనలేదట.

కథ వల్ల అనుభవం పుట్టకపోవచ్చు. కానీ కథ అనుభవాన్ని భరించలేనిదిగా చేయగలదు. లావోస్ కొండల్లో ఉండే మోంగ్ జాతివారు అక్కడి యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడి, 1975 తరువాత శరణార్థులై అమెరికా చేరారు. 1977 నుంచి వారిలో ఆరోగ్యవంతులైన యువకులు నిద్రలోనే చనిపోవడం మొదలైంది. 1981లో ఈ మరణాలు పరాకాష్ఠకు చేరాయి. 1988 నాటికి అమెరికాలో ఇటువంటి ఆగ్నేయాసియా శరణార్థుల మరణాలు 117. ఒకరు తప్ప అందరూ పురుషులే. శవపరీక్షల్లో కారణం దొరకలేదు. మోంగ్‌ల వద్ద మాత్రం ఒక పేరు ఉంది: ‘దా చో’, రాత్రి వచ్చి గుండెల మీద కూర్చుని ఊపిరి తీసే భూతం.

షెల్లీ ఆడ్లర్ అనే పరిశోధకురాలు కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 118 మంది మోంగ్‌లతో మాట్లాడింది. సగానికి పైగా ఆ అవస్థను ఎరిగినవారే. లావోస్‌లో ఉన్నప్పుడు దా చో ఒకసారి వస్తే ఫరవాలేదు. గురువును పిలిచి బలి ఇచ్చి పితృదేవతలను తృప్తిపరిస్తే సరి. అమెరికాలో గురువులు చెల్లాచెదురయ్యారు, అద్దె ఇళ్ళల్లో జంతుబలి ఎక్కడ కుదురుతుంది? ఇంటి పితృకార్యాలు జరిపించవలసిన బాధ్యత మగవారిది. కార్యం జరగలేదు గనుక మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు ప్రాణం తీస్తుందని వారికి తెలుసు. ఆ భయం దేహంలో ముందే ఉన్న లోపంతో కలిసి చంపిందని ఆడ్లర్ వాదన. ఆ లోపం కూడా తరువాత దొరికింది. 1992లో బ్రుగాడా సోదరులు గుండె లయకు సంబంధించిన ఒక జబ్బును వర్ణించారు; ఆగ్నేయాసియావారిలో నిద్రలో సంభవించే ఈ మరణాలకు, ఆ జబ్బుకు జన్యుసంబంధం ఉందని 2002లో తేలింది. ఆడ్లర్ వాదనలో భయం వాటా ఎంతో తూచి చెప్పడం కష్టం. నాకైతే అందులో బలం ఉందనే తోస్తుంది. నిద్రా పక్షవాతం తనంతట తాను ఎవరినీ చంపదు, ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. ఈ మరణాల వార్తలు చదివి వెస్ క్రేవెన్ 1984లో తీసిన భయానక చలనచిత్రం ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ బోలెడు డబ్బు చేసుకుంది. చనిపోయినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఈ అనుభవానికి మరో ముఖం కూడా ఉంది. కదలని దేహంలో ఉండిపోయిన మనసు కొన్నిసార్లు బయటికి వచ్చేసినట్టు తోస్తుంది. పన్నెండేళ్ళ బాలుడు సిల్వన్ మల్డూన్, అయోవా రాష్ట్రంలో ఆత్మవాదుల శిబిరానికి తల్లితో వెళ్ళినప్పుడు, అర్ధరాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే కదలలేకపోయాడు. కోమన్ దగ్గర మొదలైనట్టే మొదలైంది. కానీ ఈ కుర్రవాడి మీదికి ఎవరూ రాలేదు. తానే కొయ్యబారిన దేహంతో గాలిలోకి లేచి, నిలువుగా తిరిగి, మంచం మీద పడుకుని ఉన్న తనను తానే చూశాడు. భయపడి తల్లిని లేపబోయాడు. చేతులు ఆమె దేహంలోంచి దూసుకుపోయాయి. కోమన్ భార్యను లేపలేకపోయాడు, నేను అమ్మమ్మను పిలవలేకపోయాను. ఈ కథలన్నిటిలో నన్ను పట్టి ఉంచేది ఈ ఒక్క ఘట్టమే. మల్డూన్ పెరిగి పెద్దవాడై, హెరివార్డ్ కారింగ్టన్‌తో కలిసి 1929లో సూక్ష్మశరీర ప్రయాణం గురించి పుస్తకం ప్రకటించాడు. సేలంలో మరొకరి ప్రాణం తీసిన అవస్థ, అయోవాలో ఆత్మలోకపు ద్వారమైంది!

ఇది వినగానే మనవాళ్ళకు పరకాయప్రవేశం జ్ఞాపకం వస్తుంది. మాధవీయ శంకరవిజయంలో ఆదిశంకరులు తన దేహాన్ని గుహలో శిష్యుల కాపలాలో ఉంచి అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టేవారున్నారు, నాకది సమ్మతం కాదు. అక్కడ యోగి సంకల్పంతో చేసినట్టు చెప్పిన కార్యం. ఇక్కడ మల్డూన్‌కు అడగకుండా వచ్చిపడినది.

బయటికి వెళ్ళినవారు చూసినది నిజమేనా? సూసన్ బ్లాక్‌మోర్‌కు 1970 నవంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థినిగా ఉండగా ఈ అనుభవం కలిగింది. కప్పు మీదుగా ఎగిరి దేశాలు తిరిగి వచ్చానని ఆమెకు తోచింది. అది నిజమని నిరూపించాలన్న పట్టుదలతోనే పరిశోధనలో దిగింది. కానీ తాను పైనుంచి చూసిన ఇంటి కప్పును, పొగగొట్టాలను తరువాత వెళ్ళి పరిశీలిస్తే అవి అలా లేవు. ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, చివరికి ఆత్మ బయటికి పోవడమనేది లేదనే నిర్ణయానికి వచ్చింది. తన జీవితాన్ని మార్చిన అనుభవానికి తానే ఎదురు సాక్ష్యం చెప్పడం తేలికైన పని కాదు. సేలం సాక్షుల్లో ఒక్కడైనా మరునాడు పొద్దున్నే లేచి కిటికీ గడియ చూసుకుని ఉంటే!

2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛరోగం ఉన్న 43 ఏళ్ళ స్త్రీకి శస్త్రచికిత్సకు ముందు మెదడును పరీక్షిస్తూ, కుడివైపు యాంగ్యులర్ జైరస్ అనే చోట స్వల్పంగా విద్యుత్తు ప్రసరింపజేసింది. మొదట ఆమెకు మంచంలోకి కుంగిపోతున్నట్టు అనిపించింది. విద్యుత్తు పెంచితే, తాను మంచం మీద పడుకుని ఉండటం పైనుంచి కనబడుతోందని చెప్పింది. అదీ కాళ్ళు, నడుము కింది భాగం మాత్రమే. చూపు, స్పర్శ, చెవిలోపలి సమతౌల్య జ్ఞానం, ఈ మూడింటినీ కలిపి ‘నేను ఇక్కడ ఉన్నాను’ అని మెదడు లెక్క కట్టే ప్రాంతం అది. ఆ లెక్క తప్పితే ‘నేను’ కప్పు దగ్గర తేలుతాను. కల ఆరని మెదడుకు, కదలని దేహం నుంచి కబుర్లు అందనప్పుడు ఆ లెక్క తప్పడంలో వింత లేదు. గుండెల మీది బరువు, గుమ్మంలో మనిషి, గాలిలో తేలడం, ఈ మూడూ ఒకే అవస్థలో మూడు పాయలని చెయిన్ కూడా చూపించాడు.

బ్రిడ్జెట్ బిషప్, సుసన్నా మార్టిన్ నిర్దోషులని వారి పేర్లు చేర్చి మసాచుసెట్స్ చట్టం చేసినది 2001 అక్టోబరు 31న. వారితో పాటు మరి ముగ్గురి పేర్లూ ఆనాడే చేరాయి. ఉరికి, నిర్దోషిత్వానికి మధ్య 309 సంవత్సరాలు.

ఇదంతా చదివిన తరువాత కూడా నాకు ఇది రెండుసార్లు వచ్చింది. రెండోసారి, గొళ్ళెం ఇంకా తియ్యలేదు అంతే అని నాకు నేను చెప్పుకుని, కుడికాలి బొటనవేలు ఒక్కటీ కదపడానికి ప్రయత్నించాను. కాసేపటికి కదిలింది, దానితో మిగతా దేహమూ కదిలింది. గుమ్మం దగ్గర మాత్రం ఆ మనిషి ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. కొడవలి అటక మీద ఉంది.